పెద్దగారి ఇంగ్లీషు పాట

కొవ్వూరు వైపు గోదావరి మీద రైలు వంతెన స్తంభాలు లేస్తున్న రోజులవి. నేను ధవళేశ్వరంలో మిషను ఆడపిల్లల బడిలో పంతులమ్మని. పిల్లలకి ఎక్కాలూ కుట్టుపనీ నేర్పడంతో పాటు, చర్చిలో పాటలు పాడించే పని కూడా నాదే. మా బృందంలో బడిపిల్లలు కొందరు, చేపలమ్మే ఇళ్ల నుంచి సంఘంలోకి వచ్చిన ఆడవాళ్లు కొందరు, పడవ నడిపే అన్నదమ్ములిద్దరు. ఆ అన్నదమ్ములకి శ్రుతి గురించి పెద్ద పట్టింపు లేదు గాని, గొంతు విప్పితే అవతలి ఒడ్డున ఎడ్లు తలెత్తి చూసేవి.

ఏటా క్రిస్మస్‌కి ఇంగ్లీషు పుస్తకంలోంచి మూడు నాలుగు వరసలు ఏరి, వాటికి తెలుగు మాటలు కట్టి పాడేవాళ్లం. మన మాట పొడుగు, వాళ్ల వరస పొట్టి. "రక్షకుడు" అన్న మాటని సగంలో ఆపి, ఊపిరి పీల్చుకుని, మిగతా సగం కింది పాదంలో పాడాల్సి వచ్చేది. అయినా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండేది కాదు. క్రిస్మస్ పాటంటే అలాగే ఉంటుందనుకునేవాళ్లం. పైగా పిల్లలు రెండు గొంతులుగా విడిపోయి, ఒకరు పైనా ఒకరు కిందా పాడుతుంటే నాకు ఒళ్లు పులకరించేది.

ఆ ఏడు చలి మొదలవుతుండగా, బడి నడిపే దొరసానిగారు నన్ను పిలిచారు. ఆవిడ తెలుగు మునిషీగారి దగ్గర పుస్తకం పెట్టి నేర్చుకున్న తెలుగు. చేపల బేరం కూడా అందులోనే చేసేవారు. చేపలావిడ సగం అర్థం కాక, సగం భయపడి ధర తగ్గించేది.

"ఈ సంవత్సరము మా దేశపు రాగములు వలదు. ఈ దేశపు తల్లులు తమ శిశువులకు పాడు పాట యొకటి కావలెను" అన్నారు దొరసానిగారు.

సరేనండి అని వచ్చేశాను గాని, మా రెండు గొంతుల పాట పోతుందని మనసులో కొంచెం గునిసాను. ఈ కబురు ఎలా చేరిందో ఏమో, మర్నాడు పొద్దున్నే సంఘ పెద్దగారు మా అరుగు మీదకి వచ్చి కూర్చున్నారు. కాలవ లాకుల దగ్గర పనిచేసి మానేసిన మనిషి. తెల్లగా ఉతికిన తలపాగా, ఎప్పుడూ నిటారుగా ఉండే వీపు. ఇంగ్లీషు పాట లేకుండా క్రిస్మస్ ఏంటని ఆయన బాధ. అన్నీ తీసెయ్యండి, ఒక్కటి మాత్రం ఉంచండి, అది తనకి పసితనం నుంచీ వచ్చు అన్నారు.

ఆనకట్ట కడుతున్న కాలంలో ఆయన తల్లి అప్పటి ఇంజనీరుగారి బంగళాలో ఆయా. క్రిస్మస్ దగ్గర పడితే ఆ ఇంటి దొరసాని పియానో ముందు కూర్చుని ఒక పాట పాడేదట. ఆ తల్లికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా చెవిన పడ్డది పడ్డట్టు ఇంటికి తెచ్చుకుని, దొరబిడ్డల్ని ఊపిన చేతుల్తోనే తన బిడ్డనీ ఊపుతూ అదే పాడేది.

ఏదీ పాడమన్నాను. ఆయన కళ్లు మూసుకుని ఎత్తుకున్నారు. మాటలు ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు. గొంతు అక్కడక్కడ జీరపోతోంది. చివర మాత్రం "గోలీ లాలీ, లాలీ లాలీ" అంటూ సాగదీసి, ఊగించి, మెల్లగా కిందకి దింపారు. అక్కడ నాకు తట్టింది. నేను రాజమండ్రిలో హాస్టల్లో చదువుకునేటప్పుడు పాడిన ఇంగ్లీషు పాటే అది. దేవుడికి మహిమ అంటూ దేవదూతలు పాడే "గ్లోరియా" ఆ తల్లి చెవిలో లాలి అయింది. మెట్లు మెట్లుగా దిగే వరస ఆవిడ నోట్లో ఉయ్యాల ఊపుకి కరిగిపోయి, ఎక్కడా గట్టు అనేది లేకుండా జారుతోంది. ఎంత బాగుందంటే, నేను గునిసిన సంగతి కూడా మర్చిపోయాను.

అర్థం లేని మాటల చోట నేను పశువుల పాకా, చలిరాత్రీ, తల్లి ఒడీ పెట్టి మూడు చరణాలు రాశాను. పెద్దగారు అన్నిటికీ తలూపారు.

"ఆ లాలీ మాత్రం తియ్యకండి, పంతులమ్మగారూ. అదేనండి అసలు ఇంగ్లీషు" అన్నారు.

సాధనకి దొరసానిగారు వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. పాట అయ్యేసరికి ఆవిడ కళ్లు తడిశాయి. తను ఇన్నాళ్లూ వెతుకుతున్న జోలపాట ఇదేనని, ఇంత స్వచ్ఛమైన తెలుగు రాగం తను వినలేదని అన్నారు. ఎవరి పాటని అడిగితే, పెద్దగారి తల్లిగారు పాడేదండి అన్నాను. అది నిజమే కదా. ఆ పక్కనే పెద్దగారు, తన ఇంగ్లీషు పాట నెగ్గిందని మీసం సవరించుకుంటున్నారు. ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, ఇద్దరూ ఒప్పుకున్న పాట ఇంకోటి దొరకదు, ఊరుకోమన్నారు. ఊరుకున్నాను.

క్రిస్మస్ పొద్దున చర్చి నిండిపోయింది. ముందు బల్ల మీద రైలు వంతెన కట్టే ఇంజనీరుగారి కుటుంబం. వాళ్లతో కొత్తగా ఓడలో ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన ఆయన తల్లి, జుట్టు ముగ్గుబుట్టలా ఉన్న పెద్దావిడ. దొరసానిగారు హార్మోనియం తొక్కుతూ శ్రుతి మాత్రం పట్టారు. మొదటి చరణం చివర లాలీ వచ్చేసరికి ఆ పెద్దావిడ తలెత్తింది. రెండో చరణానికి పెదవులు కదిలాయి. మూడోసారి గొంతెత్తి, మా లాలీ పక్కనే "గ్లోరియా" అని హాయిగా పాడేసింది. రెండూ చక్కగా కలిసిపోయాయి. దొరసానిగారు గిరుక్కున తిరిగి చూశారు. కాలు ఆగింది, శ్రుతి ఆగింది. పడవ అన్నదమ్ములు అది గమనించక చివరిదాకా పాడారు.

బయటికి రాగానే దొరసానిగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"నీవు ఎరుగుదువా?"

"ఎరుగుదునండి" అన్నాను. కంగారులో ఆవిడ తెలుగే నా నోటికొచ్చింది.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వారు.

ఆ వేళకి ఇంజనీరుగారి తల్లి పెద్దగారి దగ్గరికి నడిచి వచ్చింది. ఈ పాట ఎక్కడిదని ఆవిడ, మా అమ్మ పాడేదని ఆయన, మధ్యలో నేను దుబాసీని. బంగళాలో ఆయాగా చేసిన సంగతి చెబితే ఆవిడ చాలాసేపు ఆయన చేతిని వదల్లేదు. అప్పుడు పెద్దగారు, ఆ పాట మొదట్నించీ ఒకసారి పాడి వినిపించమని అడగమన్నారు. ఆవిడ మొహమాటపడకుండా చర్చి వరండాలోనే పాడింది. ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, కదలకుండా నిలబడి మొత్తం విన్నారు. అయిపోయాక రెండు చేతులూ జోడించి, నా వైపు కొంచెం వంగారు.

"బాగా పాడారండి. కానీ ఈవిడికి ఎవరో సరిగ్గా నేర్పలేదు. మా అమ్మ పాడేదే అసలుది."

ఆయన ఏమన్నారని పెద్దావిడ నన్ను అడిగింది. మీ పాట విని ఆయనకి అమ్మ గుర్తొచ్చిందట అని చెప్పాను. ఆవిడ కళ్లొత్తుకుంది. పెద్దగారు తలపాగా చుట్టుకుని, బూరెలు చల్లారిపోతాయి రమ్మని అందర్నీ పిలిచారు.