మామ పేరున గళ్ళ అక్షరాలు

కోరమండల్ లైన్లలో, పాత గని కార్మికుల వరస ఇళ్లలో ఉండే రూబెన్ భయపడడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఫోను మోగితే చాలు, ముందు చెమట పడుతుంది, తర్వాతే హలో అంటాడు.

రాబర్ట్‌సన్‌పేటలో శశికుమార్ నడిపే ప్రింటింగు షాపులో పదిహేనేళ్లుగా అతని పని చావు పోస్టర్లు తయారుచేయడం. ఎవరు పోయినా తెల్లారేసరికి వాళ్ల పేరు గోడల మీద ఉండాలి. ఇక్కడి పద్ధతి అది. ఈమధ్య బెంగళూరులోని ఒక వీడియో గేముల కంపెనీ అతనికి వేరే పని ఇచ్చింది: పాతకాలం గేముల్లోలాగా చిన్న చిన్న చదరాలు పేర్చిన లావు తెలుగు అక్షరాలు కావాలంది. గళ్ళ కాగితం నింపుతూ రూబెన్ మొదటిసారి ఎవరూ చావకుండా అక్షరాలు రాశాడు.

అన్నిటికంటే మొండికేసింది వట్రుసుడి. అది ఉన్న పేరు కోసం వెతికితే మామగారు అమృతరాజు దొరికారు. కంప్యూటర్లో ఆ పేరు కొట్టి చూశాడు. అలవాటుపడ్డ వేళ్లు ఊరుకుంటాయా? పేరుకు ముందు ‘ప్రభువునందు నిద్రించిన’ అని కూడా చేర్చేశాయి. రూబెన్ నవ్వుకుని అలాగే దాచాడు. దాచింది మర్నాటి పోస్టర్లుండే ఫోల్డరులో.

పొద్దున షాపుకు వెళ్లగానే శశికుమార్ మెచ్చుకున్నాడు.

“ఆ లావు అక్షరాలు జోరుగా ఉండాయప్పా! ఫొటో లేకపోయినా గోడ నిండిపోయినాది. నాలుగు తావుల్లో అంటించేసినా.”

“యాడ?”

“కోరమండల్లోనే. ఎవురో పెద్దాయన, పాపం.”

మామ గుండెకు స్టెంటు వేసి నెలే అయింది. ఉలిక్కిపడే మాటేదీ ఆయన చెవిన వేయొద్దని డాక్టరు మరీ మరీ చెప్పింది రూబెన్‌కే.

స్కూటరు మీద తిరిగి మూడు పోస్టర్లు చించేశాడు. మూడోదాని దగ్గర పూలదండతో పక్కింటి నాన్సీ ఎదురొచ్చింది.

“మామను ఎప్పుడు ఎత్తతారప్పా?”

“బతికే ఉండాడక్కా!”

“మరి నువ్వు ఏడస్తా ఉండావే?”

నాలుగోది పాల బూతు ఎదుటి గోడ మీద. దాని ముందు, పాల ప్యాకెట్టు పట్టుకుని, ముక్కు గోడకు తగిలేంత దగ్గరగా మామ నిలబడి ఉన్నాడు. కళ్ళద్దాలు లేవు.

“ఏమప్పా రూబెన్, ఎవురో పోయినారు. పేరే తెలీలే. అంతా ఇటికెలు పేర్చినట్ల ఉండాది.”

“ఎవురూ లేదు మామా. ఇంటికి పోదాం రాండి.”

“ఉండప్పా. రేపు ఎవురన్నా అడిగితే తెలీదంటే బాగుంటుందా?”

మామ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఈ అక్షరాల గుట్టు రూబెన్‌కు తెలుసు: దగ్గరుంటే చదరాలు, దూరం జరిగితే పేరు. మామ ఇంకో అడుగు వేశాడు. రూబెన్ అడ్డం వెళ్లబోయి, ఆయన ఉలిక్కిపడతాడేమోనని ఆగిపోయాడు. నాలుగో అడుగుకు మామ పెదవులు కదిలాయి. చివరిదాకా చదివాడు.

“నువ్వు చేసిందేనా?”

“నేనే మామా. ఊరికే... టెస్టుకి.”

మామ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. రూబెన్ పరుగున వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. కొట్టుకుంటున్నది ఎవరి నాడో ఇద్దరికీ తెలియలేదు.

“పీకెయ్యి,” అన్నాడు మామ.

జిగురు ఇంకా ఆరలేదు. కాగితం ముక్కలు ముక్కలుగా ఊడింది.

“కింద పడనీకప్పా. జనం తొక్కతారు.”

రూబెన్ ఒక్కొక్క ముక్కా ఏరి జేబులో పెట్టుకున్నాడు. మామ కళ్లు చికిలించి నేలంతా వెతికాడు.

“ఇంగొకటి ఉండాది చూడు. నీ చెప్పు కింద.”

రూబెన్‌కు కాలు ఎత్తాలన్నా భయమేసింది.