పాలు పెంచిన రోజు

నేను నారాయణఖేడ్ నుంచి మనూర్‌కు షేర్ ఆటో నడుపుతాను. నా భార్యకు ఏడో నెల దాటగానే బీపీ పెరిగి కాళ్లూ ముఖమూ వాచిపోయాయి. దవాఖానలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. నా రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత. తల్లిని పై అంతస్తులో, బిడ్డను కింద నెలలు నిండని పిల్లల వార్డులో ఉంచారు. ఇద్దరి మధ్యా నేను తిరిగేవాణ్ణి.

లేచి కూర్చోలేకపోయినా నా భార్య పాలు పిండి చిన్న స్టీలు గిన్నెలో ఇచ్చేది. మూత పెట్టుకుని మెట్లు దిగేవాణ్ణి. బిడ్డ ముక్కులో వేసిన సన్నని గొట్టంలోంచి సిస్టర్ ఆ పాలు వదిలేది. పూటకు చెంచాడు కూడా ఉండేవి కావు.

బోరంచ నుంచి వచ్చిన మా అత్త అది చూసి తట్టుకోలేకపోయింది.

"గింతే పాలా? పిట్టపిల్ల గూడ ఇంతకన్న ఎక్కువ తాగుతది."

"కడుపు గింతనే ఉన్నదమ్మా," సిస్టర్ తన బొటనవేలి కొస చూపించింది. "ఒక్కసారే ఎక్కువ వోస్తే పేగులు తట్టుకోవు. ఇవి అరిగితే రేపు ఇంకొంచెం వోస్తం."

మొదట్లో బరువు పెరగకపోగా తగ్గింది. ఆ మాట చెప్పినప్పుడు నా భార్య గోడ వైపు తిరిగింది.

"నా పాలల్ల సత్తువ లేదు గావచ్చు."

ఆమె కాళ్లు ఒత్తుతూ కూర్చున్నాను. మర్నాడు డాక్టరమ్మతో ఆ సంగతే చెప్పాను.

"పుట్టినంక పిల్లలందరు కొంత తగ్గుతరు. తల్లిపాలకు మించింది లేదని ఆమెకు చెప్పు. పాలు అరుగుతున్నయి, ఇయ్యాల్టి నుంచి పెంచుతం. నువ్వు అంగీ విప్పి కూసో."

"నేనా?"

"తల్లి వచ్చేదాక నీ ఒంటి వేడే దిక్కు. చలికి తట్టుకునుడుకే బలమంత పోతే పిల్ల ఎట్ల పెరుగుతది?"

వార్డు నిండా ఆడవాళ్లు. నాకు సిగ్గేసింది. మా అత్త కొంగు పరిచి అడ్డం పట్టి నిలబడింది. సిస్టర్ బిడ్డను నా ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి దుప్పటి చుట్టింది. ఊపిరి తీసుకోవడానికి కూడా భయపడ్డాను.

పాలు పెంచిన సాయంత్రమే బిడ్డ కక్కింది. సిస్టర్ పొట్ట తడిమి చూసి, డాక్టరమ్మను పిలిచింది. ఆ పూట పాలు ఆపారు. నా భార్యకు ఈ సంగతి చెప్పడం ఆ రోజుల్లో నేను చేసిన అన్నిటికంటే కష్టమైన పని. తర్వాత మళ్లీ కొంచెంతో మొదలుపెట్టి, నిదానంగా పెంచుకుంటూ పోయారు. ఒక పొద్దున తూచిన సిస్టర్ నన్ను చూసి నవ్వింది. బరువు పెరిగింది.

"నన్ను కిందికి తీస్కపో," అంది నా భార్య. చక్రాల కుర్చీలో తీసుకొచ్చాను. తీరా వచ్చాక చేతులు చాచలేదు.

"నీకు అలవాటైంది. నన్ను గుర్తువడ్తదా?"

"కడుపుల మోసినదానివి, నిన్ను మరుస్తదా? పట్టుకో," అంది మా అత్త.

తల్లి గుండెల మీదికి మార్చగానే బిడ్డ ముఖం అటూ ఇటూ తిప్పి, నోరు తెరిచింది. సిస్టర్ ఉగ్గుగిన్నెతో రెండు చుక్కలు పెదవి అంచున పోసింది. బిడ్డ మింగింది. నోటితో తాగడం అదే మొదలు. నా భార్య చప్పుడు లేకుండా ఏడ్చింది.

రొమ్ము పట్టడం బాగా నేర్చుకున్నాకే ఇంటికి పంపారు. ఆ రోజు ఆటో నేనే నడిపాను. దారిలో చెయ్యెత్తిన వాళ్లెవరినీ ఎక్కించుకోలేదు. వెనక వచ్చిన ఆటోలన్నీ నన్ను దాటి ముందుకు వెళ్లిపోయాయి.