చూడకముందే రాసిన పంక్తి

లాకుల దగ్గర కాలవ నీటిమట్టం చూసి రిజిస్టరులో ఎక్కించడం నా ఉద్యోగం. కొలబద్ద చూడకుండా అంకె వెయ్యకూడదని చేరిన రోజే పై అధికారి చెప్పారు. రిటైరయ్యాక డైరీలో కూడా ఆ నియమం తప్పలేదు.

మనవరాలు వెయిట్ లిఫ్టింగ్‌లో చేరాక తన ప్రతి ప్రయత్నాన్నీ పక్కన కూర్చుని రాసేవాణ్ణి: బరువు, లేపిందా లేదా, టైము. ఒకరోజు ఆటగాళ్ల మనసుకి తర్ఫీదిచ్చే మేడం వచ్చారు. పిల్ల తలకి పట్టీ కట్టి, మెదడులోని అలజడిని ఫోనులో గీతగా చూపించారు. బరువు దగ్గరికి నడిచేటప్పుడు గీత నెమ్మదిగానే ఉంది. నేను పెన్ను తియ్యగానే ఎగిరింది.

“ఏమీ అనుకోకండి. మీ పుస్తకం చూసి కంగారు పడుతోందండి,” అన్నారామె.

అనుకున్నాను. రెండు రోజులు అన్నం సహించలేదు. అయినా రాజమండ్రిలో సెలక్షన్ పోటీనాడు డైరీని సంచిలోంచి తియ్యలేదు.

స్నాచ్‌లో, అంటే బరువును ఒకే ఊపున తలపైకి ఎత్తే పోటీలో, మూడు అవకాశాలు. మూడూ పోతే రాష్ట్ర జట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే. అరవై కిలోలు మొదటిసారి ముందుకు జారాయి. రెండోసారి వెనక్కి పడ్డాయి.

“ఇంకేముందండీ, రావులపాలెం బస్సెక్కడమే,” అని వెనక వరసలో ఎవరో నవ్వారు. మాది ఆ ఊరేనని తెలిసే అన్నారు.

పిల్ల బారికేడ్ దగ్గరికి వచ్చింది. చేతుల నిండా సుద్దపొడి.

“పుస్తకమేది తాతయ్యా? పెన్నులో సిరా అయిపోయిందా?”

“సంచిలో ఉందమ్మా. మేడం గారు వద్దన్నట్టేగా...”

“నువ్వు రాయట్లేదంటే నా పని అయిపోయిందనుకున్నా. లేపేసినట్టు ముందే ఊహించుకోమంటారు మేడం. కళ్లు మూసుకుంటే కిందపడ్డ బరువే కనిపిస్తోంది. లేపిందని నువ్వు రాసెయ్.”

“చూడకుండా ఎలా రాస్తానే?”

“రాయి తాతయ్యా! నిమిషం కూడా లేదు.”

తన పేరు పిలిచారు. పెన్ను మూత రాలేదు; పళ్లతో లాగాను. ‘అరవై కిలోలు, మూడోసారి, లేపింది’ అని రాసి తన వైపు తిప్పాను. చదివింది. కళ్లు మూసుకుని, మళ్లీ చదువుకున్నట్టు పెదవులు కదిపింది. వెళ్లింది.

బరువు తలపైకి చేరింది గానీ, గొంతుక్కూర్చున్న చోటునుంచి పిల్ల లేవలేకపోతోంది. కుడి మోకాలు వణికింది. ఒళ్లో తెరిచి ఉన్న పేజీ మీద అరచెయ్యి కప్పేశాను. మెల్లగా, చాలా మెల్లగా, లేచి నిలబడింది. జడ్జీల మూడు దీపాల్లో రెండు తెల్లగా వెలిగాయి; లేపినట్టే లెక్క.

చెయ్యి తీసి, ఆ పంక్తి చివర టైము వేశాను. అది మాత్రం గడియారం చూసే రాశాను.