అంపైరు చెయ్యెత్తినప్పుడు

నా కుడి మోచెయ్యి నిటారుగా రాదు. అన్నం కలుపుకోవడానికీ, సంతకం పెట్టడానికీ అడ్డు రాలేదు గానీ, క్రికెట్‌లో మాత్రం నా కొంప ముంచింది. తొంభైల్లో దివిసీమలో మా ఊరి కుర్రాళ్ళకి కోతలయిన పొలాల్లో టెన్నిస్ బంతి ఆటే లోకం. నేను బౌలింగుకి వస్తే చాలు, అవతలి జట్టు "త్రో, త్రో" అని గగ్గోలు పెట్టేది. అంపైరు చెయ్యి చాచి నోబాల్ అనేవాడు. నాకు ముక్కు మీద కోపం. బంతిని కాలవలోకి విసిరికొట్టి ఇంటికొచ్చేసేవాణ్ణి. ఆ బంతి నాది కాదు, అది వేరే గొడవ.

ఎనిమిదేళ్ళప్పుడు, కాలవలో నీళ్ళు తగ్గాయని చూసుకోకుండా లాకుల మీద నుంచి దూకాను. మోచెయ్యి విరిగింది. పక్క ఊళ్ళో కట్లు కట్టే పెద్దాయన కోడిగుడ్డు సొన రాసి, వెదురుబద్దలు పెట్టి బిగించి కట్టాడు. ఇరవై ఒక్క రోజులు ముట్టుకోవద్దన్నాడు. తొమ్మిదో రోజుకి లోపల ఒకటే దురద. ఏడ్చి ఏడ్చి ఇల్లు పీకి పందిరి వేశాను. నా ఏడుపు చూడలేక నాన్న కట్టు విప్పి, చెయ్యంతా మెల్లగా నిమిరి, మళ్ళీ తనే కట్టాడు. ఆ పూట ఎంత హాయిగా నిద్రపోయానో! చెయ్యి మాత్రం వంకరగా అతుక్కుంది.

నేను ఆట మధ్యలో ఇంటికొచ్చినప్పుడల్లా అమ్మ అందుకునేది. "ఆ రోజు మీరు విప్పకుండా ఉంటే వీడికీ ఖర్మ పట్టేదా?" నాన్న కండువా దులుపుకుని పొలం వెళ్ళిపోయేవాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, అమ్మ అలా దెప్పుతుంటే నాకు లోలోపల బాగానే ఉండేది.

గుడివాడలో ఇంటర్‌లో చేరాక, కాలేజీ వెనక మామిడికాయల మీదికి రాళ్ళు విసురుతూ మా డ్రిల్లు మాస్టారికి దొరికిపోయాను. చెవి మెలేస్తారనుకుంటే "ఏదీ, మళ్ళీ విసురు" అన్నారు. మర్నాడే బేస్‌బాల్ జట్టులో బంతి వేసే పిచ్చరుగా నిలబెట్టారు.

"చెయ్యి వంకరండి, త్రో అంటారు" అన్నాను.

"ఒరేయ్, ఇది విసిరే ఆటేరా. ఇక్కడ త్రో అని ఎవడన్నా అంటే నాతో చెప్పు" అన్నారాయన.

అమెరికాలో పిచ్చర్లు ఆ ఒక్క పని మీదే బతుకుతారని మాస్టారు చెబితే మేం నోళ్ళు వెళ్ళబెట్టాం. మాకు ఆటయ్యాక తలో రెండు అరటిపళ్ళు. తొమ్మిది మందికి నాలుగు గ్లౌజులు. వాటికి ఆముదం రాసి మెత్తబరిచేది నేనే. ఇప్పటికీ ఎక్కడన్నా ఆముదం వాసన వస్తే ఆ గ్రౌండు కళ్ళ ముందుకొస్తుంది. ఊక నింపిన యూరియా బస్తాలే మేం పరుగెత్తి తొక్కాల్సిన బేసులు. వాటి మధ్య మట్టిదిబ్బ మీద బంతి పట్టుకుని నిలబడితే నన్ను మించిన జమీందారు లేడు. నా వంకర చేతిలోంచి వచ్చే బంతి ఎటు తిరుగుతుందో బ్యాటరుకి అంతుపట్టేది కాదు. ఆరేళ్ళు ఆడాను. ఆ ఆరేళ్ళలో నాన్న చూసింది ఒక్క మ్యాచే.

అది బందరులో. రాష్ట్ర జట్టుకి పిచ్చర్ని ఎంచుకునేది ఆ రోజే. నేనేమో రాత్రంతా నిద్రపోలేదు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని తెల్లారగట్ల బస్సుకే వచ్చేశాడు. ఆయనకి ఆ ఆట గురించి ఒక్క ముక్క తెలియదు, నేను చెప్పనూ లేదు. వచ్చి అంపైరు వెనకాల గట్టు మీద కూర్చున్నాడు.

మొదటి బంతి. బ్యాటరు ఊపాడు, తగల్లేదు. అంపైరు కుడిచెయ్యి ఎత్తి అరిచాడు. అలా ఎత్తితే స్ట్రైక్, నాకే లాభం. అలాంటివి మూడు పడితే అవతలివాడు అవుట్. రెండో బంతికీ ఎత్తాడు. మూడోది వెయ్యబోతూ చూద్దును గదా, నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని గ్రౌండులోకి నడిచొస్తున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

తిన్నగా వెళ్ళి అంపైరు ముందు నిలబడ్డాడు.

"అయ్యా, బంతి బంతికీ చెయ్యెత్తుతున్నారు. పిల్లాడి తప్పేం లేదండి. చిన్నప్పుడు చెయ్యి విరిగితే కట్టు నేనే విప్పేశానండి. వాడు ఏడుస్తుంటే చూడలేక విప్పానండి. తప్పు నాదండి. వాడి ఆట ఆపకండి."

పన్నెండేళ్ళుగా ఆ మాట అమ్మతో అనలేదు, నాతో అనలేదు. ముక్కూ మొహం తెలియని మనిషితో, అంతమంది వింటుండగా అన్నాడు. జనం నవ్వారు. నాకు సిగ్గేసింది, నవ్వినవాళ్ళ మీద ఒళ్ళు మండింది, అంతలోనే ఏడుపొచ్చింది.

అంపైరు మాత్రం నవ్వలేదు. "బాబాయి గారూ, మీవాడు బాగా వేస్తున్నాడనే చెయ్యెత్తుతున్నానండీ. మీరెళ్ళి కూర్చోండి" అన్నాడు.

నాన్నకి నమ్మకం కుదరలేదు. నా వైపు చూశాడు. "నిజమే నాన్నా, ఈ చెయ్యి బాగానే ఉంది" అని అప్పుడే అనుండాల్సింది. ఊరికే తలూపాను. ఆయన వెనక్కి తిరిగి చూసుకుంటూ గట్టు మీదికి వెళ్ళాడు.

మూడో బంతి వేశాను. బ్యాటరు ఊపాడు. బంతి వాడి వెనక కూర్చున్న క్యాచరు గ్లౌజులో పడింది. అంపైరు చెయ్యెత్తాడు. గట్టు మీద నాన్న కూడా లేచి నిలబడి, చెప్పులున్న చేత్తోనే, అచ్చం అలాగే చెయ్యెత్తాడు.