పై మూలన గుండ్రంలో

ఆ రోజుల్లో గ్రూపు ఫొటోలో నవ్వితే ఉద్యోగం పోతుందన్నట్టు అందరూ బిగుసుకుని ఉండేవాళ్లు. కుర్చీల్లో పెద్దలు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వెనక మా బోటి వాళ్లం ఎత్తుల వారీగా, చివర్న అటెండరు సగం ఫొటోలో, సగం బయట. ఎవరు ఎవరికంటే ఎంత గొప్పో వేరే అడగక్కర్లేదు. (ఇప్పుడు సెల్ఫీల్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మొహమే పెద్దది.)

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. నల్గొండ పక్కన ఊళ్లో ఉన్న మా నాయనకు అక్కడి గ్రూపు ఫొటో చాలా అవసరం. ఆయన మన్సూరాబాద్‌లో నాకొక సంబంధం చూశాడు. వాళ్లేమో పిల్లగాడు నిజంగా నౌకరీ చేస్తున్నాడా అని అనుమానపడుతున్నారు. పిల్లను ఒక పెళ్లిలో దూరం నుంచి చూసి ఉన్నాను కాబట్టి, ఆ ఫొటో నాకూ అంతే అవసరం. అందుకే ఫొటో తీసే రోజు ఉన్న ఒక్క మంచి చొక్కా ఇస్త్రీకి ఇచ్చి, బండి దగ్గరే బనియన్‌తో నిలబడ్డాను. బొగ్గులు రాజుకుని, చొక్కా నా ఒంటి మీదికొచ్చి, నేను సెంటరు మేడెక్కేసరికి ఫొటో అయిపోయి కుర్చీలు లోపల పెట్టేస్తున్నారు.

"పరేషాన్ గాకు తమ్మీ, మూలకు గుండ్రంగ పెడ్త," అన్నాడు స్టూడియో ఆయన, నా బస్ పాస్ ఫొటో తీసుకుంటూ. అలా అందరి తలల మీద, పై మూలన వెలిశాను.

నాయన దాన్ని గర్వంగా మన్సూరాబాద్ పట్టుకెళ్లాడు. పిల్ల నాయనమ్మ చూసి దండం పెట్టింది.

"అయ్యో, చిన్న వయసే. ఎట్ల పోయిండు పాపం?"

"పోలేదమ్మా," అన్నాడు నాయన. "పెండ్లి పిలగాడు గాడే."

మర్నాడు పిల్ల తండ్రి సెంటరుకొచ్చి, మిర్చి బజ్జీ తింటున్న నన్ను ఎగాదిగా చూసి వెళ్లాడు. బతికే ఉన్నానని తేలింది కానీ, అపశకునమని వాళ్లింట్లో గుసగుసలు. సంబంధం తప్పిందనుకున్నాను, నిజంగానే ఏడుపొచ్చింది. చివరికి ఆ ముసలమ్మే తేల్చేసిందట: "ఫొటోల ఒకపారి పోయిండు గద, గండం తీరింది. ఇగ మన పిల్లకు ఏం ఢోకా లేదు."

ఆ ఫొటో ఇప్పుడు ఎల్బీనగర్‌లో మా హాల్లో ఉంది. కుర్చీల్లో కూచున్న పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మొన్న పక్కింట్లోకి కొత్తగా దిగినావిడ గుండ్రంకేసి చూస్తూ, "ఈయనెవరండీ, పాపం?" అని అడిగింది.

"మా ఆయనే," అంది మా ఆవిడ టీ ఇస్తూ. "గా ఫొటోల అందరికన్న గట్టోడు."

నేనూ అటు చూశాను. బెదురు మొహం, నలిగిన కాలరు. ఇస్త్రీ కోసం ఎంత ఆరాటపడ్డాడో, పిచ్చి సన్నాసి.