బెల్టు తీసిన మిషన్

మా అక్క నోరు ఊరుకుందంటే ఇంట్లో ఏదో కొంప మునిగిందని లెక్క. కుట్టుకేంద్రంలో పనిచేసినన్నాళ్లూ మిషన్ తొక్కుతూనే, ఎదురుగా పుస్తకం తెరిచిపెట్టుకుని పైకి చదివేది. చుట్టూ చొక్కాలు కుట్టే ఆడవాళ్లందరూ వినేవాళ్లు. పేజీ తిప్పడం పక్కావిడ పని. చూపు సగం కుట్టు మీద, సగం కథ మీద ఉంటే వేలు కుట్టుకోదా అని ఓసారి అడిగాను.

"కుట్టుకున్నాను, రెండుసార్లు. రెండుసార్లూ కథ మంచి పట్టులో ఉందే" అంది.

ఆ కేంద్రం మూతపడింది. అక్క ఇంట్లోనే కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టింది. పనికి కొదవ లేదు, వినేవాళ్లకే కరువొచ్చింది. నాకు చదివి వినిపించబోయేది కానీ, నేను కాలుగాలిన పిల్లిని. రెండో పేజీకే లేచిపోయేదాన్ని. రానురాను అక్క పుస్తకం తెరవడమే మానేసింది.

అలాంటప్పుడు తెలిసింది, చూపులేనివాళ్ల గ్రంథాలయానికి పుస్తకాలు చదివి రికార్డు చేసి పంపేవాళ్లు కావాలని. అక్క మొహం వెలిగిపోయింది. ఫోన్లో ఒక కథ చదివి పంపింది. జవాబు వచ్చింది: 'గొంతు బాగుంది. కానీ గొంతు కంటే మీ ఇల్లే ఎక్కువ వినిపిస్తోంది. మంచి మైకుతో ఇంకొక్కసారి పంపండి. అప్పుడూ ఇలాగే ఉంటే తీసుకోలేం.'

నాకు ఒళ్లు మండింది. ఇల్లన్నాక చప్పుడుండదా? అక్క మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయింది.

"ఇదీ పోతే ఇక గోడలకే చదువుకోవాలి" అంది.

మర్నాడే కంప్యూటర్ సామాన్ల కొట్టుకు తీసుకెళ్లాను. కొట్టతని ఒంటిమీదున్నది అక్క కుట్టిన చొక్కాయే. రెండు యూఎస్‌బీ మైకులు బల్లమీద పెట్టాడు.

"రెండూ కంప్యూటర్‌కి గుచ్చితే చాలక్కా, పనిచేస్తాయి. ఈ పెద్దది చీమ నడిచినా వింటుంది. చిన్నది కొంచెం చెవిటిది, నోటి దగ్గర పెట్టుకుంటేనే పలుకుతుంది. రెండూ పట్టుకెళ్లి చూసుకోండి. నచ్చనిది తెచ్చిచ్చేయండి."

"చెవిటి మైకు ఎవడిక్కావాలి బాబూ!" అన్నాను. అక్క రెండూ సంచిలో వేసుకుంది.

కొత్త బట్ట దొరికితే ముందు ముక్క కత్తిరించి, తడిపి, ఆరబెట్టి, కుట్టి చూస్తేగాని కత్తెర వెయ్యని మనిషి మా అక్క. మైకుల దగ్గరా అదే వరస. ఇంట్లో ఉన్న నా కంప్యూటర్‌కి పెద్ద మైకు తగిలించి, నోటిమీద వేలేసుకుంది.

"ముందు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేద్దాం."

"మౌనవ్రతానికా మైకు తెచ్చింది?"

"నువ్వు కాసేపు నోర్ముయ్యవే తల్లీ!"

కాసేపటికి హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టింది. ఏమని చెప్పను! ఫ్రిజ్ మూలుగు. పై వాటాలో కొళాయి చుక్క. కిటికీ గట్టుమీద పావురం గోళ్లు గీరుకున్న చప్పుడు. కడ్డీకి వేలాడుతున్న కర్టెన్ల కొక్కేలు ఒకదానికొకటి తగలడం. ఎవరో గుటక వేశారు. అది నేనే! ఇన్నేళ్లూ ఇంత సందడిలో కాపురం చేస్తూ, ఇల్లు నిశ్శబ్దంగా ఉందనుకున్నాం. హెడ్‌ఫోన్లు తియ్యబుద్ధి కాలేదు. ఊరికే కూర్చోలేని నేను కదలకుండా మొత్తం విన్నాను.

"ఇదే కొందామక్కా. ఎంత గొప్పగా వింటుందో!"

అక్క చిన్నది కూడా తగిలించి, ఒకే పేజీ రెండింటిలోనూ చదివింది. పెద్దదాంట్లో అక్క గొంతుతో పాటు పావురమూ, కొళాయీ వచ్చాయి. చిన్నదాంట్లో అవన్నీ ఎటో పోయి, అక్క మాటొక్కటే చెవిలో కూర్చుంది.

"అన్నీ వినే మైకు నాకెందుకే? నన్ను వింటే చాలు."

'ప', 'ఫ' వచ్చినప్పుడల్లా గాలి టప్పుమని కొడుతోంటే, ఎంబ్రాయిడరీ రింగుకు పల్చటి గుడ్డ బిగించి మైకు ముందు నిలబెట్టింది. ఆ టప్పులూ ఆగిపోయాయి. ఇంక పనైపోయిందనుకున్నాను.

తీరా వింటే, అది మా అక్క కాదు. కుర్చీలో కర్రలా కూర్చుని, బస్సుల టైమ్‌టేబుల్ చదువుతున్నట్టు చదివింది. మళ్లీ చదివింది. మరీ పేలవంగా వచ్చింది. మూడోసారి మధ్యలోనే పుస్తకం మూసేసింది.

"కాలు ఆడకపోతే నోరు ఆడటం లేదే."

మిషన్ ముందు కూర్చుని తొక్కుతూ చదివింది. అబ్బ, కథకు ప్రాణం లేచొచ్చింది! దాంతోపాటే టకటకా వచ్చింది. అంత చెవిటి మైకూ దాన్ని వదల్లేదు. అక్క మిషన్ మీద తల వాల్చేసింది. నాకూ ఏడుపొచ్చింది.

చాలాసేపటికి తలెత్తి, కింద చక్రానికీ పై చక్రానికీ ఉన్న తోలు బెల్టును చూసింది. వంగి దాన్ని ఊడబీకింది. తొక్కుడు పట్టెకు నూనె పోసింది. ఇక తొక్కితే కింద చక్రమొక్కటే తిరుగుతుంది, సూది కదలదు, చప్పుడు లేదు. చుట్టూ కుట్టాల్సిన కర్టెన్లు వేలాడుతున్న ఆ గదిలో, ఏమీ కుట్టని మిషన్ తొక్కుతూ అక్క చదివింది. నేను నేలమీద కూర్చుని నోరు తెరుచుకుని విన్నాను. ఈ గొంతు ఇంట్లోనే ఉండగా, రెండో పేజీకి లేచి ఎక్కడికి పోయేదాన్నో నాకే తెలియదు.

పంపాక ఫోన్ మోగినప్పుడల్లా అక్క ఉలిక్కిపడేది. ఒక మధ్యాహ్నం నిజంగానే ఆ ఫోన్ వచ్చింది. అక్క మిషన్ ముందు కూర్చునే ఉంది, స్పీకర్ పెట్టాం.

"గ్రంథాలయం నుంచమ్మా. రికార్డింగులు విని చూసేది నేనే. నాకూ చూపు లేదు. ఒక మాట అడగనా? చదివేటప్పుడు ఏమైనా తొక్కుతున్నారా?"

అక్క మొహం పాలిపోయింది. నేను ఆగలేకపోయాను.

"వినిపించిందా? నూనె కూడా పోశామండీ!"

అటు నవ్వు వినిపించింది.

"చప్పుడేమీ లేదమ్మా. ఎంత వెతికినా లేదు. కానీ వింటున్నంతసేపూ నా కాలు ఊరుకోలేదు. పక్కనాయనకు వినిపిస్తే ఆయన కాలూ బల్లకు తగులుతోంది. ఇదేమిటో తెలుసుకుందామని ఫోన్ చేశాను."

"కుట్టుమిషనండీ... బెల్టు తీసేశాను" అంది అక్క, తప్పు చేసినదానిలా.



"మొదటి పుస్తకం రేపు పంపిస్తాం. కాలు మాత్రం ఆపకండమ్మా" అన్నాడాయన.

ఫోన్ పెట్టేశాక అక్కను కుదిపాను. "ఏమైనా అనక్కా!"

అక్క నోట మాట రాలేదు. మిషన్ కింద కాలు మాత్రం ఆడుతూనే ఉంది.