వంతెన దాటని మాస్టారి రైలు

మా కంప్యూటర్ మాస్టారు మొన్న మంగళవారం గుండెపోటుతో పోయారు. రాజమండ్రిలో బట్టల కొట్టు మేడమీద ఆయన నడిపిన ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్నవాళ్ళ కంట పడుతుందనే ఆశతో ఇది రాస్తున్నాను. ఇప్పుడే రాయాలి. దినం అయిన మర్నాడు మాస్టారి ఇంటివాళ్ళు గది ఖాళీ చేసి కంప్యూటర్లు ఎవరికో ఇచ్చేస్తారు. మాస్టారి రైలు వాటిలోనే ఉంది. అది ఇంకా వంతెన దాటలేదు.

తెలియనివారి కోసం చెబుతాను. ఆయన దగ్గర రైలు నడిపే కంప్యూటర్ ఆట ఒకటి ఉండేది. నడపడం మీద ఆయనకు పెద్ద సరదా లేదు. బండి కట్టడమే సరదా. ఇంజను వెనక ఏ పెట్టె, దాని వెనక ఏ పెట్టె, అంతా అసలు బండిలో ఉన్నట్టే ఉండాలి. కోర్సులో చేరిన ప్రతివారూ ఒక పెట్టె తయారు చెయ్యాలి. రంగులు వేయడం, ఫైలుకు పేరు పెట్టడం, సరైన ఫోల్డరులో కాపీ చేయడం, అన్నీ దానితోనే నేర్పేవారు. ఎక్కడ పొరపాటు చేసినా పెట్టె బండికి తగులుకునేది కాదు.

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. నేను చేరి నెల తిరక్కుండానే మా అమ్మ మేడెక్కి వచ్చింది.

"ఏంటండీ మాస్టారూ, పిల్లకి కంప్యూటరు నేర్పుతారనుకుంటే రైలాట ఆడిస్తున్నారంట?"

"ఆట కాదమ్మా, కొత్త బండి కడుతున్నాం. ఇవాళే మొదటిసారి తీస్తున్నాం. కూర్చోండి."

కొత్త బండి అనేసరికి అమ్మ కోపం దిగిపోయింది. "మరి నిమ్మకాయ తొక్కించారా అండీ?" అంది.

మాస్టారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. "చక్రాలు తెర లోపలున్నాయే!"

"బయట తిరిగేది ఏదీ లేదా?"

ఉంది. అప్పటి మౌసు కింద చిన్న బంతి తిరిగేది. నిమ్మకాయ తెప్పించి, మానిటరుకు బొట్టు పెట్టి, మాస్టారే స్వయంగా మౌసుతో దాన్ని తొక్కించారు. రసమంతా మౌసు కడుపులోకి పోయింది. అది మళ్ళీ పనిచేస్తే ఒట్టు. మాస్టారు కీబోర్డుతో బండి కదిలించి, "దిష్టి మౌసుకి పోయిందమ్మా. బండి క్షేమం" అన్నారు. అమ్మ తృప్తిగా ఇంటికెళ్ళింది.

"చూసి రండి, ఊహించకండి" అనేది ఆయన మాట. పెట్టెల వరస చూసి రమ్మని మమ్మల్ని స్టేషనుకు పంపేవారు. అక్కడ ఒక పెద్దావిడ మేం రైల్వేవాళ్ళమనుకుని ఆడవాళ్ళ పెట్టె ఎక్కడొస్తుందని అడిగింది. చెప్పాం. చెప్పినందుకు ఆవిడ ఆవకాయ జాడీలు మా చేతే మోయించింది. మాస్టారికి ఆ సంగతి చెబితే, "పెట్టె సరిగ్గా అక్కడే ఆగిందా?" అని మాత్రం అడిగారు.

భీమవరం నుంచి వచ్చే రొయ్యల చెరువుల వారబ్బాయి ఏసీ పెట్టె చేశాడు. దాన్ని ఇంజను వెనకే తగిలించాలని పేచీ.

"ముందు దిగితే ఆటో దొరుకుద్దండీ."

"ఆ హారన్ మోతలో పడుకుంటావేంటయ్యా? మధ్యలోకి పో!"

నాకు గార్డు పెట్టె వచ్చింది. అన్నిటికన్నా చివరిది. నా మొహం చూసి, "బండి వెళ్ళాక స్టేషన్ వాళ్ళు చూసేది దీన్నే. దీని వెనక ఇంటూ గుర్తు కనబడితేనే అన్ని పెట్టెలూ వచ్చినట్టు" అన్నారు. ఆ గుర్తు నేను పసుపు రంగుతో ఎన్నిసార్లు దిద్దానో!

చిక్కంతా వంతెన దగ్గరే. బండి కొవ్వూరు దాటి గోదారి మీదికి రాగానే పాత కంప్యూటరు బిగుసుకుపోయేది. "ఆగింది కదా, గోదారికి దణ్ణం పెట్టుకోండి" అనేవారు మాస్టారు. మేమూ తెరకు దణ్ణం పెట్టేవాళ్ళం.

"రెండు పెట్టెలు తీసేస్తే వెళ్ళిపోద్దండీ" అన్నాడు ఒకసారి భీమవరం అబ్బాయి.

"సరే, ఎవర్ని దింపేద్దాం? నువ్వు దిగుతావా?"

ఎవరూ దిగలేదు. బండీ కదల్లేదు.

కోర్సు అయిపోయినవాళ్ళ పెట్టెను విప్పి ఫ్లాపీలో ఇచ్చి పంపేవారు. కంప్యూటరులో చోటు చాలదు మరి. "జాగ్రత్త. మళ్ళీ వచ్చినప్పుడు తగిలిద్దాం" అనేవారు. నేను అక్కడే పాఠాలు చెప్పడానికి ఉండిపోయాను కనుక నా పెట్టె ఎటూ పోలేదు.

పోయిన నెల ఆయన కొత్త కంప్యూటరు కొన్నారు. "ఇంకా ఫ్లాపీ ఎందుకండీ?" అని కంప్యూటర్ల కొట్టు కుర్రాడు నవ్వినా వినకుండా ఫ్లాపీ డ్రైవు పెట్టించారు. "మనవాళ్ళు పెట్టెలు పట్టుకొస్తారు కదమ్మా. దసరా సెలవులకి అందర్నీ పిలుద్దాం. ఈసారి దాటుతుంది" అన్నారు నాతో. దసరా ఇంకా రాలేదు.

నిన్న ఆ కంప్యూటరు తెరిచాను. కొవ్వూరులో ఇంజను, దాని వెనకే నా గార్డు పెట్టె. మధ్యలో ఎవరూ లేరు. వెనకనుంచి చూస్తే మాత్రం ఇంటూ గుర్తు మెరుస్తూ, బండి మొత్తం వచ్చేసినట్టే ఉంది.

దినం వచ్చే ఆదివారం. ఆ ఉదయం మేడమీద బండి కట్టి వంతెన దాటిద్దాం. ఫ్లాపీ పాడైపోయినా రండి, మీ పెట్టె అక్కడే మళ్ళీ చేసుకుందాం. ఇన్‌స్టిట్యూట్ ఫోను నంబరు మారలేదు. వస్తున్నారో లేదో, మీది ఏ పెట్టో శుక్రవారంలోగా చెప్పండి. అందాకా ఇంజను నుంచి నా పెట్టెను విప్పి, కాస్త వెనక్కి జరిపి ఉంచుతాను.